రికార్డు రాసేముందు రోగి దగ్గర కూర్చోండి

(నర్సింగ్ విద్యార్థుల కొరకు పాఠం)



నర్సింగ్‌లో చేరిన వెంటనే డ్యూటీ కన్నా ఎక్కువగా భయపెట్టేది అసైన్‌మెంట్. జి.ఎన్.ఎమ్. మూడేళ్లు చదివినా, బి.ఎస్సీ. నాలుగేళ్లు చదివినా ఈ భయం ఒకటే. వార్డులో ఎనిమిది గంటలు నిలబడి, కాళ్లు వాచి హాస్టల్‌కు వచ్చేసరికి కేర్ ప్లాన్ ఒకటి, ఆరోగ్య బోధన ఒకటి, పదిహేను పేజీల వ్యాసం ఒకటి మీ కోసం కాచుకొని ఉంటాయి. మీలో చాలామంది పత్తికొండ, ఆలూరు, కోవెలకుంట్ల, మైదుకూరు, బద్వేలు వైపు పల్లెల నుండి వచ్చినవారు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు ఒక్కసారిగా అంతా ఇంగ్లీషులో రాయమంటే చెయ్యి ఆడదు. అప్పుడు సీనియర్ అక్క రికార్డు అడగడం, ఉన్నది ఉన్నట్టు దించడం, చుట్టూ రంగు స్కెచ్ పెన్నులతో బార్డరు గీయడం జరుగుతుంది. బార్డరు అందంగానే వస్తుంది. లోపల రోగి మాత్రం ఉండడు.

చూచిరాత తప్పని చిన్నప్పటి నుండి వింటూనే ఉన్నాం. అయితే నర్సింగ్‌లో అది మార్కులతో ఆగే విషయం కాదు. ఎందుకో చూద్దాం.

దించిన వాక్యం ఎవరి మంచానికి వెళ్తుంది?

మన కర్నూలు, కడప ఎండలు మీకు తెలియనివి కావు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. అలాంటి రోజుల్లో జ్వరంతో పడుకున్న మనిషి కేర్ ప్లాన్‌లో ‘ద్రవాలు ఎక్కువగా తాగించాలి, కొబ్బరినీళ్లు, చీనీ రసం ఇవ్వాలి’ అని రాస్తే అది మంచి మాటే. అదే వాక్యాన్ని దించి, పక్క మంచం మీద రెండు మూత్రపిండాలూ చెడిపోయి డయాలిసిస్ చేయించుకుంటున్న పెద్దాయన పేజీలో రాస్తే ఏమవుతుంది?

ఆయనకు మూత్రం సరిగా రాదు. తాగిన నీరు బయటకు పోయే దారి లేదు. అది కాళ్లలో చేరుతుంది, ఆ తరువాత ఊపిరితిత్తులలో చేరుతుంది. రాత్రి పూట వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుని ఎగశ్వాసతో ఆయాసపడతాడు. అలాంటివారికి సాధారణంగా నిన్న వచ్చిన మూత్రం ఎంతో కొలిచి, దానికి సుమారు 500 మిల్లీలీటర్లు కలిపి, ఈ రోజుకు అంతే అని డాక్టర్లు లెక్క కడతారు. ఇక కొబ్బరినీళ్లు, చీనీ రసం సంగతి. వాటిలో పొటాషియం ఎక్కువ. ఆరోగ్యవంతునికి అది మేలు. మూత్రపిండాలు పనిచేయనివానికి రక్తంలో పొటాషియం పేరుకొని గుండె లయ తప్పవచ్చు, ఆగిపోనూవచ్చు.

‘రికార్డులో రాశాను గానీ తాగించలేదు కదా’ అని మీరనవచ్చు. కానీ చేతితో పదిసార్లు రాసినది నోటికి వస్తుంది. రోగి భార్య ‘ఏం పెట్టమంటావమ్మా ఈయనకు?’ అని అడిగినప్పుడు మీ నోట వచ్చేది మీరు రాసి రాసి అలవాటు పడిన వాక్యమే. తెల్ల చీరో, యూనిఫారమో వేసుకున్న మనిషి చెప్పిన మాటను ఆమె తు.చ. తప్పకుండా పాటిస్తుంది.

కేర్ ప్లాన్: అమ్మ మాట మొదటి గడిలో

కేర్ ప్లాన్‌లో ఐదు మెట్లు ఉన్నాయని మీకు తరగతిలో చెప్పే ఉంటారు. పరిశీలన, సమస్యను గుర్తించడం, ప్రణాళిక, సేవ, ఫలితం చూడడం. పేర్లు అందరికీ వస్తాయి. చేయడం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

పిల్లల వార్డుకు ఒకటిన్నర ఏడాది బిడ్డను తెచ్చారనుకుందాం. బరువు 10 కిలోలు. మీరు పక్కన కూర్చుని ‘ఎప్పటి నుంచి అక్కా?’ అని అడిగారు. తల్లి ఇలా చెప్పింది:

‘నిన్న పొద్దున్నుంచి నీళ్ల మాదిరి పోతాండాడు సిస్టరమ్మా. రేత్రి నుంచి ఒంటేలు సరిగా పోయలేదు. పాలు తాగిపిస్తే ఇంకా పోతాయని మా అత్త వద్దనింది. కండ్లు చూడు, ఎట్ల పీక్కపోయినాయో.’

చాలామంది విద్యార్థులు ఈ మాటలన్నీ విని, రికార్డులో మాత్రం ‘తల్లి విరేచనాలు అని ఫిర్యాదు చేసింది’ అని ఒక ముక్క రాస్తారు. అది దించిన వాక్యమే. ఆ తల్లి చెప్పినదానిలో నాలుగు సంగతులు ఉన్నాయి: ఎంతసేపటి నుండి, మూత్రం తగ్గడం, పాలు మాన్పించడం, కళ్లు లోపలికి పోవడం. పైగా పాలు మాన్పించినది తల్లి కాదు, అత్తగారు. రేపు మీరు పాల గురించి బోధించవలసి వస్తే ఎవరిని కూర్చోబెట్టాలో అక్కడే తెలిసిపోయింది. అందుచేత తల్లి మాటలను మొదట తెలుగులోనే, ఆమె చెప్పినట్టే మీ చిన్న నోటుబుక్కులో రాసుకోండి. ఇంగ్లీషు తరువాత. ‘సబ్జెక్టివ్ డేటా’ అంటే ఇదే, రోగి గాని తల్లి గాని తమ నోటితో చెప్పినది.

రెండవది మీ కళ్లూ చేతులూ చెప్పేది. బిడ్డ చిరాకుగా ఉన్నాడా, మగతగా ఉన్నాడా? నీళ్లిస్తే ఆత్రంగా తాగుతున్నాడా, తాగలేకపోతున్నాడా? పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలితే వెంటనే సర్దుకుంటుందా, నెమ్మదిగానా, రెండు సెకన్ల కన్నా ఎక్కువసేపు అలాగే నిలిచి ఉందా? మగత, తాగలేకపోవడం, చర్మం అలా నిలిచిపోవడం, గుంటకళ్లు — వీటిలో రెండు కనబడినా అది తీవ్రమైన నిర్జలీకరణం. అప్పుడు కేర్ ప్లాన్ రాస్తూ కూర్చోకూడదు, వెంటనే స్టాఫ్ నర్సును, డాక్టరును పిలవాలి. మన ఉదాహరణలోని బిడ్డ చిరాకుగా ఉన్నాడు, ఆత్రంగా తాగుతున్నాడు, చర్మం నెమ్మదిగా సర్దుకుంది. ఇది కొంత మేర నిర్జలీకరణం.

ఇప్పుడు సమస్య పేరు రాయాలి. ఇక్కడే ఎక్కువ మార్కులు పోతాయి. ‘అతిసారం’ అని రాస్తే అది డాక్టరుగారి రోగ నిర్ణయం. నర్సు రాసేది రోగి ఒంట్లో, జీవితంలో ఆ జబ్బు తెచ్చిన ఇబ్బంది. 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్ పట్టణంలో నర్సులు సమావేశమై ఈ ఇబ్బందులకు పేర్లు పెట్టి వర్గీకరించే పని మొదలుపెట్టారు. మీ పుస్తకాలలో కనిపించే ‘నాండా’ జాబితా అక్కడి నుండి వచ్చినదే. వాక్యం మూడు ముక్కలుగా ఉండాలి: ఏమిటి, ఎందువలన, దేనిని బట్టి. ‘ఒంట్లో నీరు తగ్గింది, నీళ్ల విరేచనాల వలన, పాలు మాన్పించినందువలన, గుంటకళ్లు, మూత్రం తగ్గడం, చర్మం నెమ్మదిగా సర్దుకోవడాన్ని బట్టి.’ ఇలా తెలుగులో మూడు ముక్కలు పడిన తరువాత ఇంగ్లీషులోకి మార్చడం కష్టం కాదు. మూడవ ముక్క రాయలేకపోయారంటే మీరు బిడ్డను సరిగా చూడలేదని అర్థం. మళ్లీ వార్డుకు వెళ్లండి.

ప్రణాళికలో అంకెలు ఉండాలి. ‘నిర్జలీకరణం తగ్గించుట’ అని రాయడం గాలిలో రాయడమే. ఇలాంటి బిడ్డకు నాలుగు గంటల్లో కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున ఓఆర్‌ఎస్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి. 10 కిలోలకు 750 మిల్లీలీటర్లు. అంటే గంటకు దాదాపు 190. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు ఆపకూడదు. డాక్టరుగారు రాసిన ప్రకారం జింక్ మాత్ర. మన జాతీయ కార్యక్రమంలో ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు రెండో రోజే ఆగిపోతే తల్లులు మాత్ర మానేస్తారు, ఈ సంగతి ముందే చెప్పాలి.

‘శాస్త్రీయ కారణం’ అనే గడిని విద్యార్థులు ఏదో ఒకటి రాసి నింపేస్తారు. నా దృష్టిలో కేర్ ప్లాన్ అంతటిలో చదువుకు పనికివచ్చే గడి అదే. ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఎందుకు? రుచి కోసమా? కాదు. చిన్న పేగులో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. సుమారు ముప్పై శాతం ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగివచ్చాయి. ఆయన 2022లో మరణించారు. 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. ఈ కారణం తెలిసిన విద్యార్థిని ‘తీపి ఎక్కువైతే మంచిదే కదా’ అని రెండు చెంచాల చక్కెర అదనంగా కలపనివ్వదు. చక్కెర మితిమీరితే నీరు పేగులోకి లాగబడి విరేచనాలు పెరుగుతాయి.

చివరి గడి ఫలితం. పది రికార్డులు తిరగేస్తే పదింటిలోనూ ‘గోల్ మెట్’ అనే ఉంటుంది. ప్రపంచంలో ఏ ఆస్పత్రిలోనూ రోగులందరూ ఇంత చక్కగా కుదుటపడరు! నాలుగు గంటల తరువాత బిడ్డ ఎంత తాగాడు, ఎన్నిసార్లు పోయాడు, మూత్రం వచ్చిందా, చర్మం ఎలా ఉంది, బరువు ఎంత — ఇవి రాయండి. 750కి 500 మాత్రమే తాగితే 500 అనే రాయండి. మిగిలిన 250 ఎందుకు తాగలేదో, ఇప్పుడు ఏం చేయబోతున్నారో రాయండి. నిజంగా ఆ మంచం దగ్గర నిలబడినవారు రాసిన రికార్డు ఏదో, ఎగ్జామినర్‌కు ఆ ఒక్క గడి చూస్తే తెలిసిపోతుంది.

ఆరోగ్య బోధన: వినేవారి ఇంట్లో ఏముంది?

బోధన అసైన్‌మెంట్‌లో మొదట లక్ష్యాలు రాయమంటారు. బి.ఎడ్., డి.ఎడ్. చదివే మీ అక్కచెల్లెళ్లు కూడా పాఠ్య ప్రణాళికలో ఇదే కుస్తీ పడతారు. 1956లో బెంజమిన్ బ్లూమ్, ఆయన తోటివారు లక్ష్యాలను వర్గీకరించినప్పటి నుండి టీచర్లకైనా నర్సులకైనా సూత్రం ఒకటే. ‘తల్లులు ఓఆర్‌ఎస్ గురించి తెలుసుకుంటారు’ అన్నది లక్ష్యం కాదు. తెలుసుకున్నారో లేదో మీరెలా చూస్తారు? ‘తల్లి ఒక ప్యాకెట్టును లీటరు నీటిలో కలిపి చూపిస్తుంది’ అన్నది లక్ష్యం. కంటికి కనబడే పని ఉండాలి.

ఈ కలపడం దగ్గరే పెద్ద ప్రమాదం ఉంది. పెద్ద ప్యాకెట్టులో 20.5 గ్రాముల పొడి ఉంటుంది. అది ఒక లీటరుకు. 200 మిల్లీలీటర్లకు చేసిన చిన్న ప్యాకెట్లు కూడా అంగళ్లలో దొరుకుతాయి. పెద్ద ప్యాకెట్టును చింపి ఒక గ్లాసు నీటిలో పోసి తాగిస్తే ఉప్పు ఐదింతలవుతుంది. బిడ్డకు ఫిట్స్ రావచ్చు. కొంచెం కొంచెం పొడి వేసి కలపడమూ తప్పే, ఎందుకంటే ఉప్పు, గ్లూకోజు అడుగూ పైనా సమంగా ఉండవు. మీ చార్టులో రంగురంగుల గాజు జగ్గు బొమ్మ వేస్తారు. ఆ తల్లి ఇంట్లో గాజు జగ్గు లేదు. ఉన్నది స్టీలు చెంబు, అది ఎంత పడుతుందో ఆమెకూ తెలియదు, మీకూ తెలియదు. లీటరు నీళ్ల బాటిలు ఒకటి తీసుకెళ్లి, దానితో ఆమె చెంబును కొలిచి చూపించండి. తరువాత ఆమె చేతనే కలిపించండి. చార్టు కన్నా ఆ బాటిలుకే ఎక్కువ మార్కులు వేయాలని నా అభిప్రాయం.

ఇంకొక మాట. మందుల షాపులలో ఓఆర్‌ఎస్ అనే అక్షరాలు పేరులో పెట్టుకొని, తీపి పానీయాలు అట్టపెట్టెలలో చాలా ఏళ్లు అమ్మారు. హైదరాబాదుకు చెందిన ఒక పిల్లల వైద్యురాలు దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడరాదని ఆదేశించింది. 2020 నాటి రికార్డును దించిన విద్యార్థినికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు.

రక్తహీనత మరో అసైన్‌మెంట్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తం తక్కువ. విద్యార్థులు ఏం రాస్తారు? ఆపిల్, ఖర్జూరం, దానిమ్మ, కాలేయం. వినే ఆమె పొద్దున సంగటి, మధ్యాహ్నం సంగటి, మధ్యలో టీ తాగి శనగచేలో కలుపు తీసే మనిషి. ఆపిల్ పండు ఎప్పుడైనా ఆస్పత్రిలో పడుకుంటే చుట్టాలు తెచ్చేది. మరి ‘రాగుల్లో ఇనుము దండిగా ఉంది, సంగటి తింటే చాలు’ అందామా? ఇది చాలామంది చెప్పే మాటే గానీ సరిచూడాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ (1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ) 2017లో భారతీయ ఆహార పదార్థాల పట్టికలను ప్రచురించింది. అందులో 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 364 మిల్లీగ్రాములు, ఇనుము సుమారు 4.6. సజ్జల్లో ఇనుము సుమారు 6.4. అంటే రాగుల అసలు బలం ఎముకలకు. ఇనుము విషయంలో సజ్జ రొట్టె ఒక మెట్టు పైన. సంగటి మానమని కాదు. సంగటితో పాటు మునగాకు, తోటకూర పప్పు, పైన నిమ్మకాయ పిండుకోవడం, భోజనం వెంటనే టీ తాగకపోవడం, గర్భిణి అయితే ఇనుము మాత్రలు 180 రోజులు. నిమ్మలోని విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది, టీ దానిని అడ్డుకుంటుంది. ఇవి ఖర్చులేని మాటలు, ఆమె రేపే చేయగలిగినవి.

బోధనకు వేళ కూడా ముఖ్యం. పొద్దున పది గంటలకు పల్లెకు వెళ్లి ‘ఎవరూ రాలేదు’ అని రాసిన రికార్డులున్నాయి. పది గంటలకు వారు చేలో ఉంటారు. ఆదోని, ఆలూరు, కోసిగి వైపు అయితే కొన్ని నెలలు ఊరే ఖాళీ అవుతుంది. మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతారు, పసిబిడ్డలను కూడా వెంట తీసుకొని. అలాంటి తల్లి డిశ్చార్జి కాగితంలో ‘నెల తరువాత ఇక్కడికే రావలెను’ అని రాస్తే అది ఎవరి కోసం రాసినట్టు? ‘ఎక్కడికి పోతున్నావమ్మా, ఎన్నాళ్లు?’ అని అడగండి. తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచుకుంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే టీకా వేస్తారని చెప్పండి. క్షయ రోగి అయితే ఇది ఇంకా అవసరం. ఆరు నెలల మందులు మధ్యలో ఆగితే జబ్బు మొండిదవుతుంది. నిక్షయ్ నంబరు ఉంటే చికిత్సను మరో ఊరికి మార్చుకోవచ్చు. ఈ నాలుగు వాక్యాలు మీ అసైన్‌మెంట్‌లో ఉంటే మీరు ఆ ఊరు వెళ్లినట్టే.

వ్యాసం: ప్రశ్నలో క్రియ ఎక్కడుందో చూడండి

వ్యాసానికి కూర్చోగానే పుస్తకం తెరవకండి. ప్రశ్నలో పని చెప్పే మాట కింద గీత గీయండి. ‘డిఫైన్’ అంటే రెండు వాక్యాల నిర్వచనం. ‘ఎన్యూమరేట్’ అంటే వరుసగా పేర్లు. ‘ఎక్స్‌ప్లెయిన్’ అంటే ఎలా, ఎందుకు. ‘డిస్కస్’ అంటే రెండు వైపులా చెప్పి మీ నిర్ణయం చెప్పాలి. ‘డిస్కస్’ అడిగితే నిర్వచనాలు, రకాలు, చరిత్ర కలిపి పన్నెండు పేజీలు నింపినవారికి ఆరు మార్కులు, నాలుగు పేజీలలో వాదన చెప్పినవారికి పన్నెండు మార్కులు వస్తే అన్యాయం కాదు.

నర్సింగ్ చరిత్ర మీద వ్యాసం రాయని విద్యార్థి ఉండరు. ఫ్లోరెన్స్ నైటింగేల్, దీపం, క్రిమియా యుద్ధం, అంతటితో ముగింపు. ఆమె చేతిలో దీపం ఎంత నిజమో అంకెల పట్టిక కూడా అంత నిజం. సైనికులు గాయాల కన్నా అంటువ్యాధులతోనే ఎక్కువగా చనిపోయారని ఆమె 1858లో రంగుల రేఖాచిత్రంతో చూపించింది. ఇండియాకు ఎన్నడూ రాలేదు. అయినా ఇక్కడి సైనిక కేంద్రాలన్నిటికీ ప్రశ్నాపత్రాలు పంపించి — తాగే నీరు ఎక్కడిది, మురుగు ఎటు పోతుంది అని — వచ్చిన జవాబుల గుట్టను చదివి 1863 నాటి నివేదికలో తన పరిశీలనలు రాసింది. మన సీమకు కూడా ఆమెతో సంబంధం ఉంది. 1876-78 కరవులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. 1878లో ఆమె ‘నైన్టీంత్ సెంచరీ’ అనే పత్రికలో భారత ప్రజల గురించి వ్యాసం రాసి, కరవును, రైతు అప్పులను ఇంగ్లండు ప్రజల ముందు పెట్టింది. నీటిపారుదల కావాలని పట్టుబట్టిన ఆర్థర్ కాటన్ గారితో ఆమెకు ఉత్తరప్రత్యుత్తరాలు ఉండేవి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుండి బయలుదేరే మన కె.సి. కాలువ 1863-70 మధ్య తవ్వినది. ఒక నర్సు కాలువల గురించి ఎందుకు పట్టించుకుంది? పంట లేకపోతే తిండి లేదు, తిండి లేనివాడిని ఏ వార్డూ బాగుచేయలేదు. ఈ ఒక్క ప్రశ్న చుట్టూ వ్యాసం అల్లితే అది వంద వ్యాసాలలో వేరుగా కనిపిస్తుంది.

‘విపత్తు సమయంలో నర్సింగ్’ అని ఇస్తే జపాన్ సునామీ, గుజరాత్ భూకంపం రాస్తారు. కర్నూలులో చదువుతూ 2009 అక్టోబరు 2ను మరచిపోతే ఎలా? ఆ రోజు తుంగభద్ర, హంద్రీ నదుల వరద కర్నూలు నగరంలోకి వచ్చింది, మంత్రాలయం మునిగింది. ఏటా వానకు ఎదురుచూసే నేల మీద వరద! మీ ఇంట్లోనో, హాస్టల్ వంటమనిషి ఇంట్లోనో ఆ రోజులు చూసినవారు ఉంటారు. మేడల మీద ఎన్నాళ్లున్నారు, తాగునీరు ఎలా దొరికింది, బి.పి., షుగరు మాత్రలు కొట్టుకుపోయినవారు ఏం చేశారు, ఒండ్రు ఎత్తిపోసేటప్పుడు కాళ్లకు గాయాలైనవారికి ధనుర్వాతం సూది అందిందా? ముగ్గురిని అడిగి, జవాబులను పుస్తకంలోని విపత్తు దశలతో పోల్చండి. పుస్తకానికి, ఊరికి తేడా వచ్చినచోట మీ వాదన దొరుకుతుంది.

జనాభా లెక్కలు వాడేటప్పుడు జాగ్రత్త. 2011 జనగణనలో కర్నూలు జిల్లా జనాభా సుమారు 40.5 లక్షలు. అందులో నంద్యాల కూడా కలిసి ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరు జిల్లా అయింది. కడప జిల్లా నుండి రాజంపేట, రాయచోటి వైపు ప్రాంతాలు అప్పుడే అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాయి. పాత అంకెను కొత్త జిల్లా పేరు కింద రాస్తే పడకల లెక్క, నర్సుల లెక్క అన్నీ తప్పుతాయి.

భాష గురించి దిగులు పడవద్దు. మొదట విషయాన్ని తెలుగులో ఎవరికైనా చెప్పి చూడండి, రూమ్మేటుకైనా సరే. చెప్పగలిగితే మీకు అర్థమైనట్టే. తరువాత చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలలో రాయండి. పెద్ద వాక్యం రాయబోయి మధ్యలో తప్పిపోవడం కన్నా ఇది మేలు. పుస్తకం నుండి తీసుకున్నది ఎవరిదో చెప్పాలి. మీ కళాశాల ఏ పద్ధతి అడిగితే ఆ పద్ధతిలో. ఇప్పుడు ఫోనులో అడిగితే నిమిషంలో వ్యాసం రాసి ఇచ్చే యంత్రాలూ వచ్చాయి. అర్థం కాని మాట అడగడానికి, వ్యాకరణం సరిచూసుకోవడానికి పనికివస్తాయి. కానీ మూడవ మంచం మీది బిడ్డ రాత్రి ఎంత తాగాడో ఆ యంత్రానికి తెలియదు. తెలిసినట్టు మాత్రం రాస్తుంది, అదే చిక్కు.

రోగి పేరు, ఊరు, ఆధార్ నంబరు, ఫోటో అసైన్‌మెంట్‌లో పెట్టకూడదు. వయస్సు, లింగం, పొడి అక్షరాలు చాలు. హెచ్.ఐ.వి. ఉన్నవారి విషయంలో ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. 2017లో చేసిన చట్టం 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో ఉంది. మన ఊళ్లలో వీధి పేరు చెబితే మనిషిని పోల్చుకుంటారు. రికార్డు హాస్టల్ మంచం మీద తెరచి వదిలేయడం కూడా బయట చెప్పడంతో సమానమే.

అభ్యాసం

1. ఈ వారం మీకిచ్చిన రోగి దగ్గర, పుస్తకం లేకుండా, పదిహేను నిమిషాలు కూర్చోండి. వారు చెప్పిన మూడు వాక్యాలను వారి మాటల్లోనే రాసుకోండి. ప్రతి వాక్యం నుండి ఒక నర్సింగ్ సమస్య తీయండి.

2. మీరు చివరిగా సమర్పించిన కేర్ ప్లాన్ తెరవండి. అందులోని ఏ వాక్యాలు పక్క మంచం రోగికి కూడా అలాగే సరిపోతాయో గీత గీయండి. వాటిలో ఒక్కటైనా పక్క రోగికి హాని చేసేది ఉందా?

3. ఓఆర్‌ఎస్ గాని, ఇనుము మాత్ర గాని ఒక తల్లికి బోధించండి. రెండు రోజుల తరువాత మళ్లీ వెళ్లి ఏం చేశారో చూపించమనండి. ఆమె చేసినది మీరు చెప్పినదానికి వేరుగా ఉంటే, మీ మాటల్లో ఏ మాట ఆమెకు వేరేగా వినబడిందో రాయండి.